మెదడు సిరల్లో గడ్డ, నిద్రలో చెదిరే అలలు

తలనొప్పి అని పడుకున్నవాళ్లను లేపొద్దంటారు మన ఇళ్లలో. ఓ కునుకు తీస్తే అదే తగ్గిపోతుందని పెద్దవాళ్ల మాట. చాలాసార్లు అలాగే తగ్గుతుంది కూడా. అయితే రోజులు గడిచినా వదలని తలపోటు, దానికి తోడు వాంతులు, ఆపైన ఎంత పడుకున్నా తీరని మగత, ఈ మూడూ ఒకే మనిషిలో కలిసినప్పుడు ఆ పడకను విశ్రాంతి అనుకోవడం ప్రమాదం. మెదడు నుంచి గుండెకు తిరిగి వెళ్లాల్సిన నెత్తురు దారిలోనే గడ్డకట్టి ఉండొచ్చు. వైద్యులు దీన్ని సెరిబ్రల్ వీనస్ త్రాంబోసిస్ అంటారు, వార్డుల్లో పొట్టిగా సీవీటీ. ఇది ఎక్కువగా పడుచు వయసువాళ్లకు వచ్చే జబ్బు. త్వరగా పట్టుకుంటే నయమయ్యే జబ్బు కూడా.

హైదరాబాద్ తూర్పు వైపున ఈ కథకు సంబంధించిన చోట్లు కొన్ని దగ్గరదగ్గరగా ఉన్నాయి. హబ్సిగూడ చౌరస్తాలో ఒక దారి ఉప్పల్‌కు, ఒకటి నాచారానికి, ఒకటి తార్నాకకు వెళ్తుంది. తార్నాక వైపు వెళ్తే మన తిండిలో ఏముందో, ఏం లేదో తేల్చే జాతీయ పోషకాహార సంస్థ. నాచారం వైపు మళ్లితే పారిశ్రామికవాడ, రాత్రి షిఫ్టులు చేసే కార్మికులు, వాళ్లు వెళ్లే ఈఎస్‌ఐ ఆసుపత్రి. ఉప్పల్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే పంజాగుట్ట. అక్కడి నిమ్స్ ఆసుపత్రి నాడీవైద్యులు ఈ జబ్బు మీద దేశంలోనే చెప్పుకోదగ్గ పెద్ద లెక్క ఒకటి రాసిపెట్టారు. దాని సంగతి తర్వాత. ముందు నెత్తురు దారులు తెలియాలి.

బయటికి పోయే దారి

శరీరం బరువులో మెదడు వంతు నూటికి రెండు. మనం పీల్చే ఆక్సిజన్‌లో అది వాడుకునేది మాత్రం నూటికి ఇరవై. నిమిషానికి సుమారు 750 మిల్లీలీటర్ల నెత్తురు ధమనుల గుండా లోపలికి వస్తుంది. పుర్రె గట్టి గూడు, సాగదు. కాబట్టి వచ్చినంత నెత్తురూ అదే వేగంతో బయటికి పోవాలి. పక్షవాతం అనగానే మనకు గుర్తొచ్చేది లోపలికి వచ్చే దారి మూసుకోవడం. సీవీటీలో మూసుకునేది బయటికి పోయే దారి.

మెదడు పైభాగం నెత్తురంతా నడినెత్తి కింద ముందు నుంచి వెనక్కి సాగే పెద్ద కాలువలోకి చేరుతుంది. దాని పేరు సుపీరియర్ సాజిటల్ సైనస్. ముక్కు పక్కన ఉండే సైనస్‌లతో దీనికి సంబంధం లేదు. మెదడు లోతుల్లోని నెత్తురు దారి వేరు. అక్కడ నడిగీతకు అటూ ఇటూ రెండు సన్నని సిరలు పక్కపక్కనే సాగి, గేలెన్ సిర అనే ఒకే ఒక్క పొట్టి సిరలో కలుస్తాయి. అది స్ట్రెయిట్ సైనస్‌లోకి, అక్కడి నుంచి తల వెనక భాగానికి, చెవుల వెనగ్గా మెడలోకి దిగుతుంది.

ఈ దారుల్లో గడ్డ పడితే ఏమవుతుందో నాచారం పెద్దచెరువు కిందివాళ్లకు, ఉప్పల్ నల్లచెరువు పక్కవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. కాలనీ మునగడానికి పైనుంచి వచ్చే నీరు ఒక్కటే కారణం కాదు, కిందికి పోయే నాలా పూడుకున్నా మునుగుతుంది. మెదడులోనూ అంతే. సిరలో ఒత్తిడి పెరుగుతుంది, ఆ ఒత్తిడి సన్నని కేశనాళికల దాకా ఎగదన్నుతుంది, వాటి గోడల నుంచి నీరు ఊరి చుట్టూ ఉన్న కణజాలం వాస్తుంది. ఇంకా పెరిగితే ఎర్రకణాలు కూడా బయటపడి రక్తస్రావం అవుతుంది. మెదడు చుట్టూ తిరిగే ద్రవం ఇంకేదీ ఎక్కువగా ఆ నడినెత్తి సైనస్‌లోకే. అది కూడా ఆగిపోతే పుర్రెలో మొత్తం ఒత్తిడి పెరుగుతుంది. అందుకే పడుకుంటే, దగ్గితే, ముక్కితే ఈ తలనొప్పి ఎక్కువవుతుంది. కంటి నరం వాచి చూపు మసకబారుతుంది, ఒకటి రెండుగా కనబడుతుంది.

నిద్ర గీసే గీతలు

నిద్రలో మెదడు ఊరుకోదు. జర్మనీలోని యేనాలో హాన్స్ బెర్గర్ అనే మనోవైద్యుడు 1924లో మనిషి తలమీద నుంచి విద్యుత్ అలలను మొదటిసారి నమోదు చేశాడు, 1929లో ప్రచురించాడు. ఆ తర్వాతి దశాబ్దంలో అమెరికాలో ఆల్ఫ్రెడ్ లూమిస్ బృందం నిద్రపోతున్నవాళ్ల మీద రాత్రంతా ఆ అలలు నమోదు చేసే యంత్రం నడిపి, నిద్రలో దశలున్నాయనీ ఒక్కో దశకు ఒక్కో రకం అల ఉందనీ చూపించింది.

ఆ అలల రికార్డునే ఈఈజీ అంటారు. ఇవాళ్టి ఈఈజీ గదిలో ఆ పని ఎలా జరుగుతుందో చూడండి. తలకు నూనె రాయకుండా తలస్నానం చేసి, ముందురోజు రాత్రి నిద్ర తగ్గించుకుని రమ్మంటారు. టెక్నీషియన్ టేపుతో తల కొలిచి, పెన్సిల్‌తో గుర్తులు పెట్టి, జిగురు పేస్టుతో ఇరవై దాకా చిన్న లోహపు బిళ్లలు అంటిస్తాడు. లైటు తీసేసి కళ్లు మూసుకోమంటాడు. తెరమీద మొదట కనిపించేది తల వెనక భాగం నుంచి వచ్చే ఆల్ఫా లయ, సెకనుకు 8 నుంచి 13 అలలు. కునుకు పట్టేసరికి అది చెదిరిపోయి నెమ్మది అలలు వస్తాయి.

ఇంకొన్ని నిమిషాలకు రెండో దశ. పెద్దవాళ్ల నిద్రలో దాదాపు సగం ఇదే. ఈ దశకు రెండు ముద్రలు. ఒకటి కే కాంప్లెక్స్, ఉన్నట్టుండి ఎగసి పడే ఒక పెద్ద అల. రెండోది స్లీప్ స్పిండిల్. సన్నగా మొదలై, మధ్యలో లావెక్కి, మళ్లీ సన్నబడే అలల గుత్తి ఇది. సెకనుకు 11 నుంచి 16 అలలు, ఉండేది అర సెకను నుంచి రెండు సెకన్లు. ఎడమవైపూ కుడివైపూ ఇంచుమించు ఒకేసారి, ఒకే తీరులో వస్తుంది. పగలు నేర్చుకున్నది రాత్రి మెదడులో కుదురుకోవడానికి ఈ స్పిండిల్స్‌తో సంబంధం ఉందని ఎన్నో పరిశోధనలు చూపాయి. ఆ తర్వాత గాఢనిద్ర. అందులో సెకనుకు ఒకటీ అరా చొప్పున ఎత్తయిన మెల్లటి అలలు, వీటినే డెల్టా అలలంటారు.

స్పిండిల్ పుట్టేది మెదడు పైపొరలో కాదు, లోపల ఉన్న థాలమస్‌లో. ఎడమకొకటి, కుడికొకటి, ఒక్కోటి మూడు సెంటీమీటర్ల చిల్లర పొడవు. చూపు, వినికిడి, స్పర్శ అన్నీ దీని గుండానే పైపొరకు చేరతాయి. దీన్ని పలచగా కప్పి ఉండే కణాల పొర పేరు రెటిక్యులర్ న్యూక్లియస్. అందులోని కణాలు ఒక్కసారిగా చెలరేగి థాలమస్ కణాల నోరు నొక్కుతాయి. ఆ నొక్కుడు వదలగానే థాలమస్ కణాల్లోకి కాల్షియం దూసుకొచ్చి అవి తిరిగి పేలతాయి, ఆ సందేశం ఇటు పైపొరకూ అటు రెటిక్యులర్ పొరకూ వెళ్తుంది. ఆ పొర మళ్లీ నొక్కుతుంది. ఈ చక్రం సెకనుకు పన్నెండు, పదమూడు సార్లు తిరిగితే పైన స్పిండిల్ కనిపిస్తుంది. మిర్చియా స్టెరియాడె బృందం 1980లలో పిల్లుల మీద చేసిన ప్రయోగాల్లో, రెటిక్యులర్ పొరతో సంబంధం తెగిన థాలమస్ స్పిండిల్స్ పుట్టించలేకపోయింది.

ఒక్క గడ్డ, రెండు థాలమస్‌లు

ఇప్పుడు రెండు విషయాలనూ కలపండి. రెండు థాలమస్‌ల నుంచీ నెత్తురు తీసుకుపోయేవి ఆ లోతు సిరలే. అవి కలిసేది ఒకే ఒక్క గేలెన్ సిరలో. కాబట్టి అక్కడో, స్ట్రెయిట్ సైనస్‌లోనో గడ్డ పడితే దెబ్బ రెండువైపులా ఒకేసారి తగులుతుంది. ధమని మూసుకున్నప్పుడు సాధారణంగా ఒక పక్క థాలమస్సే దెబ్బతింటుంది. రెండూ వాచిన మనిషి మగతలోకి జారతాడు. పిలిస్తే కళ్లు తెరిచి, ఒక మాట చెప్పి, మళ్లీ మూసుకుంటాడు. సంధి కొట్టినట్టు మాట్లాడొచ్చు, పొద్దున తిన్నది మరిచిపోవచ్చు. కాళ్లూ చేతులూ ఆడుతూనే ఉంటాయి కాబట్టి ఇది పక్షవాతమని ఎవరికీ తోచదు. గాలి సోకిందని తాయెత్తు కట్టించేవాళ్లూ ఉన్నారు.

థాలమస్ దెబ్బతిన్న మనిషి రోజంతా పడుకున్నా ఆ నిద్రకు రూపం ఉండదు. స్విట్జర్లాండ్ నాడీవైద్యుడు క్లాడియో బసెట్టి, తోటివారు 1996లో పన్నెండు మంది రోగుల గురించి రాశారు. ధమని మూసుకుని థాలమస్ నడిమి భాగం దెబ్బతిని, అతినిద్ర పట్టుకున్నవాళ్లు వీళ్లు. వాళ్ల రాత్రి రికార్డుల్లో పలచని మొదటి దశ పెరిగింది, రెండో దశ తగ్గింది, స్పిండిల్స్ తగ్గాయి. గంటలు ఎక్కువ, నిద్ర తక్కువ అన్నమాట. సిర మూసుకున్నా దెబ్బతినేది అదే యంత్రాంగం. అది వాస్తే స్పిండిల్స్ బలహీనపడవచ్చు.

పైభాగపు సిరల్లో గడ్డ పడితే బొమ్మ వేరుగా ఉంటుంది. వాచిన చోట మెదడు పైపొర మేలుకునే ఉండి కూడా గాఢనిద్రలోని డెల్టా అలల్లాంటివి విసురుతుంది. నిద్రలో ఆరోగ్యానికి గుర్తయిన మెల్లటి అల, మెలకువలో ఒకే చోట పదేపదే కనబడితే జబ్బుకు గుర్తు. అదే చోటి నుంచి సూదిమొనల్లాంటి అలలూ లేవొచ్చు, ఫిట్స్ కూడా రావొచ్చు. సీవీటీ రోగుల్లో నూటికి దాదాపు నలభై మందికి ఫిట్స్ వస్తాయి. అలాంటి సూదిమొనలు కునుకు పట్టినప్పుడే ఎక్కువగా బయటపడతాయి కాబట్టే ఈఈజీలో నిద్ర కూడా రికార్డు చేస్తారు.

మరి తెరమీద మెల్లటి అలలు చూస్తున్న టెక్నీషియన్‌కు అది నిద్రో మగతో తెలిసేదెలా? రోగిని పేరు పెట్టి పిలుస్తాడు, చప్పట్లు కొడతాడు. మామూలు నిద్రలో ఉన్న మెదడు ఆ చప్పుడుకు ఒక కే కాంప్లెక్స్‌తో బదులిస్తుంది, ఇంకా పిలిస్తే ఆల్ఫా లయ తిరిగొస్తుంది. బాగా దెబ్బతిన్న మెదడులో ఎంత పిలిచినా ఆ మెల్లటి అలలు అలాగే సాగిపోతాయి. కోమాలో ఉన్న మనిషి రికార్డులో స్పిండిల్స్ కనిపిస్తే వైద్యులు దాన్ని మంచి సూచనగా తీసుకుంటారు. థాలమస్‌కూ పైపొరకూ మధ్య చక్రం ఇంకా తిరుగుతోందనడానికి అది సాక్ష్యం.

నిమ్స్ లెక్క ఏం చెప్పింది

ఈ జబ్బును 1825లో ఫ్రాన్స్‌లో రీబ్ అనే వైద్యుడు మొదట వర్ణించాడు. 1828లో స్కాట్లండ్ వైద్యుడు జాన్ అబర్‌క్రాంబీ కాన్పయిన ఒక యువతిలో చూశాడు. చాలాకాలం ఇది శవపరీక్షలో బయటపడే జబ్బుగానే ఉండిపోయింది. ఎంఆర్‌ఐ వచ్చాక బతికున్నవాళ్లలో దీన్ని పట్టుకోవడం తేలికైంది. 21 దేశాల నుంచి 624 మంది రోగులను కలిపి చూసిన అంతర్జాతీయ అధ్యయనం 2004లో వెలువడింది. అందులో నలుగురిలో ముగ్గురు ఆడవాళ్లు.

పంజాగుట్ట నిమ్స్‌లో సుభాష్ కౌల్ బృందం 2002 నుంచి 2010 వరకు తమ దగ్గరికి వచ్చిన 428 మంది వివరాలను 2012లో ప్రచురించింది. ఇక్కడ నూటికి 53.7 మంది మగవాళ్లు. సగటు వయసు 31.3 ఏళ్లు. కారణాల్లో ముందు నిలిచింది రక్తహీనత, 18.4 శాతం మందిలో. దాని వెంటే నెత్తురులో హోమోసిస్టీన్ ఎక్కువ కావడం, 18.2 శాతం. తాగుడు 15.6 శాతం, గర్భనిరోధక మాత్రలు 11.4 శాతం, బాలింతదశ 9.8 శాతం. పాశ్చాత్య దేశాల పాఠ్యపుస్తకం చదివి ఇది ఆడవాళ్ల జబ్బు అనుకునే వైద్యుడికి హైదరాబాద్ ఇచ్చిన సవరణ ఇది.

హోమోసిస్టీన్ అన్నది మన శరీరం మాంసకృత్తులను వాడుకునేటప్పుడు పుట్టే పదార్థం. దాన్ని తిరిగి పనికొచ్చే మెథియోనిన్‌గా మార్చడానికి ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిన్ రెండూ కావాలి. అవి తగ్గితే హోమోసిస్టీన్ పేరుకుని రక్తనాళాల లోపొరను దెబ్బతీస్తుంది, నెత్తురుకు గడ్డకట్టే గుణం పెరుగుతుంది. ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో ప్రయోగశాలలో తయారుచేసింది మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ బృందం. ఆయన పుట్టిన గడ్డమీద ఆ లోపం ఇంకా తీరలేదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు హైదరాబాద్‌లో పైకి ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లను పరీక్షించి 2016లో ప్రచురించిన ఫలితాల్లో, నూటికి 35 మందికి బి12 లోపం, 12 మందికి ఫోలిక్ ఆమ్లం లోపం ఉంది. ముసలివాళ్లకన్నా ఇరవై, నలభై ఏళ్ల మధ్యవాళ్లలోనే లోపం ఎక్కువ. సీవీటీ వచ్చే వయసూ అదే. ఆకుకూరల్లో, పప్పుల్లో ఫోలిక్ ఆమ్లం దొరుకుతుంది. బి12 మాత్రం పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసం నుంచే రావాలి. అవి తినలేనివాళ్లకు మాత్ర ఉంది.

కాన్పులో నెత్తురు ఎక్కువగా పోకుండా శరీరం ముందుజాగ్రత్తగా గడ్డకట్టే గుణాన్ని పెంచుకుంటుంది. ఆ గుణం కాన్పయ్యాక కూడా కొన్ని వారాలు ఉంటుంది. అప్పుడు పథ్యం పేరుతో బాలింతకు నీళ్లు తగ్గించి, గాలి ఆడని గదిలో పడుకోబెడితే నెత్తురు ఇంకా చిక్కబడుతుంది. నీళ్లు తాగితే పొట్ట పెరుగుతుందన్న మాటకు శాస్త్రంలో ఆధారం లేదు. పాలిచ్చే తల్లికి మామూలుకన్నా ఎక్కువ నీళ్లు కావాలి. పెళ్లికో వ్రతానికో తీర్థయాత్రకో అడ్డమని నెలసరి వాయిదా వేసే మాత్రలను చీటీ లేకుండా మెడికల్ షాపులో కొనడం ఇంకో ప్రమాదం. అవి కూడా హార్మోన్ మందులే. ఆ మాట రోగి తనంతట తాను చెప్పదు, వైద్యుడే అడగాలి.

ఎవరి నిద్రను మనం పట్టించుకోం?

ఇక్కడే ఈ అధ్యాయంలో నేను గట్టిగా చెప్పదలచుకున్న సంగతి ఉంది. నిమ్స్ జాబితాలో ఉన్నవాళ్లను మరోసారి చూడండి. బాలింత, తాగేవాడు, రక్తం తక్కువైన మనిషి. వీళ్లు పడుకుంటే ఎవరూ అనుమానించరు. బిడ్డతో రాత్రంతా మేలుకుంది, పాపం పడుకోనివ్వండి అంటాం. నిన్నటి మత్తు దిగలేదు అంటాం. నీరసం అంటాం. నాచారం, ఉప్పల్ పారిశ్రామికవాడల్లో నైట్ డ్యూటీ దిగి పొద్దున పడుకున్నవాణ్ని మధ్యాహ్నం దాకా ఎవరూ కదిలించరు. ఆ నిద్రకు ముందే ఒక కారణం సిద్ధంగా ఉంటుంది. అసలు కారణం దాని వెనక దాక్కుంటుంది. తలనొప్పి అంటే ఆర్‌ఎంపీ ఇచ్చిన సూదితో, షాపులో కొన్న మాత్రతో రోజులు గడుస్తాయి. లోతు సిరల్లో గడ్డ, మతి చెదరడం, కోమా, ఈ మూడూ ఫలితం చెడ్డగా ఉండడానికి కారణాలని 2004 అధ్యయనమే తేల్చింది. మగతను కోమా దాకా రానివ్వడమంటే చేతిలో ఉన్న అవకాశాన్ని వదులుకోవడమే.

వైద్యం ఉంది, పనిచేస్తుంది. మొదట్లో వైద్యులకు ఒక భయం ఉండేది. సిరలో గడ్డ వల్ల మెదడులో నెత్తురు కారుతున్న మనిషికి నెత్తురు పలచనచేసే మందు ఇస్తే ఇంకా కారదా? మ్యూనిక్‌లో కార్ల్ ఐన్‌హాయుప్ల్ బృందం ఇరవై మందితో చేసిన పరీక్ష 1991లో ఆ భయాన్ని కదిపింది. హెపారిన్ అనే ఆ మందు తీసుకున్న పదిమందిలో మూడు నెలల తర్వాత ఎనిమిది మంది పూర్తిగా కోలుకున్నారు, ఇద్దరికి స్వల్ప లోపం మిగిలింది. హెపారిన్ తీసుకోని పదిమందిలో ముగ్గురు చనిపోయారు, పూర్తిగా కోలుకున్నది ఒక్కరే. ఆ నెత్తురు కారింది వెనక్కి తన్నిన ఒత్తిడి వల్ల. గడ్డ పెరగకుండా ఆపితే దారి మెల్లగా తెరుచుకుంటుంది, ఒత్తిడి దిగుతుంది. ఇవాళ పొట్టలో వేసే హెపారిన్ సూదులతో మొదలుపెట్టి, తర్వాత కొన్ని నెలలు మాత్రలు వాడతారు. ఫిట్స్‌కు, వాపుకు వేరే మందులు. వాపు ప్రాణం మీదికొస్తే పుర్రె ఎముక ముక్క తీసి చోటిచ్చే ఆపరేషన్.

సిరల్లో గడ్డ దెబ్బ చాలాసార్లు కణాలు చచ్చిపోవడం కన్నా నీరు చేరడం వల్ల కలిగే వాపే. అది దిగితే థాలమస్ తిరిగి పనిలో పడుతుంది, నిద్రకు దశలు తిరిగొస్తాయి. 624 మంది అధ్యయనంలో చనిపోయినవారు, ఇతరుల మీద ఆధారపడాల్సి వచ్చినవారు కలిపి 13.4 శాతమే.

అందుకని కొన్ని గుర్తులు. కొత్తగా మొదలై రోజురోజుకీ పెరిగే తలనొప్పి, పడుకుంటే ఎక్కువయ్యేది. వాంతులు, మసక చూపు, ఫిట్స్, పొంతన లేని మాటలు. పిలిస్తే లేచి మళ్లీ మగతలోకి జారడం. కాన్పయిన ఆరు వారాల్లోపు తల్లిలో, హార్మోన్ మాత్రలు వాడుతున్న స్త్రీలో, బాగా తాగే మగవాడిలో వీటిలో ఏది కనిపించినా నాడీవైద్యుడున్న ఆసుపత్రికి ఆ రోజే వెళ్లాలి. మామూలు సీటీ స్కాన్‌లో ఈ గడ్డ కనబడకపోవచ్చు. సిరలను ప్రత్యేకంగా చూపే వీనోగ్రామ్ పరీక్షలో తెలుస్తుంది, ఎంఆర్‌ఐతో గానీ సీటీతో గానీ. సీటీ నార్మల్ అన్న మాట విని సంచి సర్దుకోకముందే, సిరల బొమ్మ కూడా తీయాలా డాక్టరు గారూ అని అడగండి. రోగి మగతలో ఉంటాడు, అడగలేడు. అడగాల్సింది వెంట వచ్చినవాళ్లే.